అద్దానికి వీపు పెట్టి కూర్చునే మనిషి

నేను దయ్యాలను నమ్మే మనిషిని కాను. అమావాస్య నాడు మా అమ్మ గడపకు నిమ్మకాయలు పెడితే, వాటిని తీసి పప్పులో పిండుకున్న దాన్ని. పద్దెనిమిదేళ్లుగా గద్వాలలో బ్యూటీ పార్లర్ నడుపుతున్నాను. రోజంతా మనుషుల ముఖాలతోనే సరిపోతుంది, దయ్యాల గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది?

ఈ సంగతి ఇప్పటికి ఐదారుగురికి చెప్పాను. అందరూ ముందుగా అడిగింది ఒకటే. "గామె నిజంగ గంత అందంగ ఉంటుండెనా?" మా అక్క కూతురు చావు దాకా పోయి వచ్చిందని చెబుతుంటే అడగాల్సిన మాట అదా? అందుకే నోటితో చెప్పడం మానేసి రాస్తున్నాను.

ముందు మా అనూష గురించి చెప్పాలి. మా అక్కవాళ్లది అమ్రాబాద్ దగ్గర ఊరు. అనూషకు నాలుగేళ్లప్పుడు వేడి గంజి మీద పడి ఎడమ చెంప కాలింది. చెవి నుంచి దవడ దాకా ముడతలు పడిన మచ్చ. డిగ్రీ అయ్యాక ఉద్యోగం చూసుకుంటానని నా దగ్గరకు వచ్చింది. ఇక్కడ ఒక చీరల దుకాణంలో కౌంటర్ దగ్గరకు మనిషి కావాలంటే వెళ్లింది. చీర విప్పి చూపించడం నుంచి మడత పెట్టడం దాకా అన్నీ చేసి చూపించిందట. యజమాని అంతా చూసి, "పని మంచిగనే చేస్తవు గని బిడ్డా, వెనక గోదాంల ఉంటవా? ముందట కూసుంటె గిరాకి బెదురుతది" అన్నాడు.

ఆ పిల్ల ఇంటికొచ్చి ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. ఆ రోజు నుంచి చున్నీ చెంప మీదకు లాక్కోవడం మొదలుపెట్టింది. నా పార్లర్‌లోనే సాయంగా ఉండమన్నాను.

పోయిన వానాకాలంలో ఆమె వచ్చింది. పేరు చంద్రకళ అని చెప్పింది. చూస్తే పాతికేళ్లుంటాయి. ఎప్పుడొచ్చినా పొద్దు గూకి, దీపాలు పెట్టే వేళకే వచ్చేది. మొదటి రోజే కుర్చీ తిప్పుకుని అద్దానికి వీపు పెట్టి కూర్చుంది. కళ్లకు వెలుగు పడదంది. సరేనని కనుబొమ్మలు చేశాను. ఒళ్లు చల్లగా తగిలింది. వానలో తడిసి వచ్చింది కదా అనుకున్నాను.

పని అయ్యాక "బాగున్ననా అక్కా?" అని అడిగింది. బాగున్నావన్నాను. చేతి అద్దం ఇవ్వబోతే తీసుకోలేదు. "నువ్వే చెప్పు" అంది. చెప్పాను. తలుపు దాకా పోయి, వెనక్కి వచ్చి మళ్లీ అడిగింది. అద్దం ముందు మురిసిపోయే ఆడవాళ్లను నేను రోజూ చూస్తాను. ఇది మురిపెం కాదు. దవాఖానలో రిపోర్టు కోసం నిలబడ్డ మనిషి గొంతులా ఉంది.

నెల తర్వాత కనుబొమ్మలు చేయమని కూర్చుంటే, తీయడానికి ఒక్క వెంట్రుక కూడా లేదు. నేను తీర్చిన గీత తీర్చినట్టే ఉంది. నా సర్వీసులో అలాంటిది చూడలేదు. ఏవో మందులు వాడుతుందేమో అనుకుని ఊరుకున్నాను.

అప్పటికే ఆమె, అనూష బాగా కలిసిపోయారు. పని లేకపోయినా వచ్చి వెనక గదిలో అనూష పక్కన కూర్చునేది. అనూష ముఖం మీద మళ్లీ నవ్వు కనిపిస్తోందని నేనూ సంతోషపడ్డాను.

రెండు నెలలు తిరిగేసరికి ఆ పిల్ల పాలిపోయింది. మెట్లెక్కితే ఆయాసం. ఒక సాయంత్రం దువ్వెన పట్టుకుని నిలబడ్డది నిలబడ్డట్టే పడిపోయింది. దవాఖానకు తీసుకుపోతే, ఒంట్లో రక్తం సగానికి సగం లేదన్నారు. రక్తం ఎక్కించారు. ఎక్కడ పోతోందో ఎన్ని పరీక్షలు చేసినా తెలియలేదు. దిండు సర్దుతూ నర్సమ్మ జుట్టు పక్కకు తీసి చూపించింది. మెడ వెనక సూదితో పొడిచినట్టు రెండు చుక్కలు, పక్కపక్కనే.

అప్పుడే నేను ఇంకొకటి గమనించాను. చెంప మీద ముడతలు సాపు అయ్యాయి. పదిహేడేళ్ల మచ్చ సగం మాయమైంది. లేచి కూర్చునే ఓపిక లేని పిల్ల ఫోన్‌లో తన చెంప చూసుకుని నవ్వుతోంది.

"చంద్రకళక్క చేస్తుంది చిన్నమ్మా. మెడ మీద నోరు పెడతది. నొప్పేం ఉండది. ఇంకో రెండుసార్లయితె మొత్తం పోతది. నువ్వు ఆమెను ఏమనకు."

ఎవరో మతి తప్పిన మనిషి చేతిలో పిల్లను పెట్టాననుకున్నాను. అప్పటికీ నాకు దయ్యమన్న మాటే తోచలేదు.

మర్నాడు సాయంత్రం ఆమె ఎప్పటిలాగే వచ్చి కూర్చుంది. అద్దంలో ఆమె కళ్లు చూస్తూ నిలదీద్దామని నేను కుర్చీ వీపు రెండు చేతులా పట్టుకుని, ఆమెతో సహా అద్దం వైపు తిప్పాను.

అద్దంలో నేనున్నాను. నా చేతులు కుర్చీని పట్టుకుని ఉన్నాయి. కుర్చీ ఖాళీగా ఉంది.

కిందకు చూస్తే ఆమె ఉంది. కళ్లు గట్టిగా మూసుకుని ఉంది. ఆమె కొప్పులోంచి వాన నీళ్లు నా వేళ్ల మీద పడుతున్నాయి. భయపడి పారిపోవాల్సిన మనిషిని. ఎందుకో నాకు భయం కన్నా ముందు కోపం వచ్చింది.

"నా పిల్లను ఏం జేస్తున్నవే?" అన్నాను.

"గా పిల్లనే అడిగింది అక్కా. మచ్చ పోవాలంటె నా తాన గిదొక్కటే ఉన్నది."

"దాని పానం మీదికొచ్చింది!"

"మొఖం మంచిగయింది గద?" అంది. ఎగతాళి కాదు. నేనెందుకు కోప్పడుతున్నానో ఆమెకు నిజంగానే అర్థం కాలేదు.

ఎవరు నిన్నిట్ల చేసిండ్రని అడిగాను. అద్దానికి మళ్లీ వీపు పెట్టి చెప్పింది. అమరచింత అవతల ఒక ఊళ్లో కోటలాంటి గడిలో ఉండే దొర, ఆమెకు పదహారేళ్లప్పుడు ఇంటి నుంచి తెచ్చుకున్నాడు. చుట్టాలు వచ్చినప్పుడల్లా దీపం పక్కన కూర్చోబెట్టి చూపించేవాడు. మశూచి వచ్చి ముఖం నిండా మచ్చలు పడితే, గొడ్లచావిడి వెనక గదిలోకి తోయించాడు. ఎవరూ ఆ వైపు రాలేదు.

"ఒక్కడొచ్చిండు. ఎవడో తెల్వదు. మెడ మీద నోరు పెట్టిండు. మేల్కొనేసరికి మచ్చలు లేవు, ఆకలున్నది. గా ఆకలికి రక్తం తప్ప ఏదీ పడదు. దొర మల్ల పిలిచి దీపం పక్కన కూసోబెట్టిండు. గంత సంబురం నాకెన్నడు కాలే."

"వాని రక్తం తాగకపోయినవా?"

"ఆయన్ను ముట్టలే అక్కా. ఆయన చస్తె నన్ను బాగున్నవనేటోళ్లు ఎవరుంటుండిరి?"

ఆ మాటకు నా ఒళ్లు మండిపోయింది. ఎవరి మీదని చెప్పను? ఆ దొర ఎప్పుడో మట్టిలో కలిసిపోయి ఉంటాడు. ఈమె మాత్రం ఊళ్లు పట్టుకుని తిరుగుతూ వాడి మాట కోసమే ఎదురుచూస్తోంది. ఎవరైనా తనను చూసి వెంటపడితేనే తాను ఉన్నట్టట. చూడని రోజున ఆకలి కూడా వేయదట.

"బాగున్ననా అక్కా?" అని మళ్లీ అడిగింది.

"చెప్ప" అన్నాను. "గీ మాట నన్నడగకు. మొఖం బాగుంటెనే మనిషివని దొర నీకు నేర్పింది నువ్వు నా పిల్లకు అంటిస్తున్నవు. దుకాణపాయన దాన్ని గోదాంల ఉండుమన్నడు. నువ్వు దాని రక్తం తాగి మొఖం దిద్దుతున్నవు. ఇద్దరికి ఫరకేమున్నది?"

ఆమె చిన్నగా అంది. "ఎవ్వరు చూడకపోతె నేనున్నట్టు ఎట్ల తెలుస్తది?"

"నీతోని ఇంతసేపటి సంది కొట్లాడుతున్న గద! లేనోళ్లతోని ఎవరన్న కొట్లాడుతరా?"

అప్పుడు మొదటిసారి నన్ను సూటిగా చూసింది. చేయి చెంప మీద పెట్టుకుని, మచ్చల కోసం తడుముతున్నట్టు వేళ్లు కదిపింది. లేచి వానలోకి వెళ్లిపోయింది. మళ్లీ రాలేదు.

అనూష కోలుకుంది. మూడు నెలల్లో మచ్చ మళ్లీ మునుపటిలాగే తేలింది. నువ్వే చెడగొట్టావని నాతో చాలా రోజులు మాట్లాడలేదు. మాట్లాడిన రోజున కూడా చున్నీ తీయలేదు. ఇప్పుడు ఆత్మకూరులో ఒక మెడికల్ షాపులో పని చేస్తోంది. ముందు కౌంటర్‌లోనే.

చలికాలంలో ఉండబట్టలేక జూరాల మీదుగా అమరచింతకు పోయి, అక్కడి నుంచి విచారించుకుంటూ ఆ ఊరు చేరాను. గడి కూలిపోయింది. దొర పేరు బడి కమాను మీద పెద్ద అక్షరాలతో ఉంది. కమాను పక్కన పల్లికాయ కొడుతున్న ముసలమ్మను చంద్రకళ అని ఎవరైనా ఉండేదా అని అడిగాను.

"గా దయ్యమా? మా అవ్వ చెప్తుండె. అందం చూపిచ్చి మొగోళ్లను పిలుస్తదట. గా పేరు గూడ దొర పెట్టిందే, తెల్లగ ఉంటదని."

"అసలు పేరేంది?"

"దయ్యానికి పేరెందుకు బిడ్డా?" అని ఆమె మళ్లీ పల్లికాయ కొట్టుకుంది. ముసలిదని కూడా చూడకుండా గట్టిగా అరిచి వచ్చాను. పాపం, ఆమె చేసిందేమీ లేదు.

అద్దంలో ఆమె ఎందుకు పడలేదో, మచ్చ ఎందుకు పోయిందో, మళ్లీ ఎందుకు వచ్చిందో దవాఖానలో చెప్పలేదు. నేనూ చెప్పలేను. ఆమె ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దొర మీద, దుకాణం యజమాని మీద, ఆమె మీద అంత కోపం చేశాను గానీ, మీ అమ్మ నిన్ను ఏమని పిలిచేదమ్మా అని ఒక్క మాట అడగలేదు.