మా బావ చెప్పిన ఫౌల్

పోయిన ఆదివారం పొద్దున ఆదోని బస్టాండులో దిగి, సెల్‌ఫోన్ల అంగళ్ళ మీదున్న పూల్ పార్లర్‌కు మెట్లెక్కుతుంటే మలుపులో మా బావ నిలబడి నవ్వుతూ కనిపించాడు. ఫ్లెక్సీలో. అసలు మనిషికంటే ఒక జానెడు ఎత్తు, రెండు వన్నెలు తెలుపు. చేతిలో కర్ర, వెనక ఆకుపచ్చ బల్ల, పైన పెద్దక్షరాలతో ఆయన జ్ఞాపకార్థం పోటీలని రాత. కింద వరుసగా ఊళ్ళో పెద్దమనుషుల ఫోటోలు. అన్నిటికంటే కింద, మెట్లమీద ఎవరో ఉమ్మితే పడే చోట, 'ముఖ్య అతిథి: వారి బావమరిది గారు' అని ఉంది. పేరు లేదు, ఫోటో లేదు. నేను ఎమ్మిగనూరులో చీరల అంగడి పెట్టి నలభై ఏళ్ళకు పైగా అయింది. మా వీధి పేరు తెలియనివాళ్ళకు కూడా నా అంగడి పేరు చెబితే దారి దొరుకుతుంది. ఆదోనిలో మాత్రం నేను ఎప్పటికీ ఆయన బామ్మర్దినే. మెట్లమీదే ఆగి, ఆ నవ్వు మొహాన్ని కాసేపు కోపంగా చూసి పైకెక్కాను.

ముందే చెప్పేస్తాను. మా బావంటే నాకు అసూయ. ఆయన ఉన్నప్పుడు ఉండేది, ఆయన పోయి ఏడాది దాటినా ఇంకా ఉంది. ఇది ఆయన పెళ్ళిపీటల మీద కూర్చున్న రోజు మొదలైంది. అంతవరకు మా ఇంట్లో పెరుగుమీద మీగడ అక్క నాకే వేసేది. ఆమె ఆదోనికి కాపురానికి వెళ్ళాక ఆ మీగడ ఆయన కంచంలోకి పోయింది. చూడటానికి వెళ్ళిన తమ్ముడితో కూడా, "మీ బావకు తీసి పెట్టినాన్రా" అని గిన్నె మూత వేసేది. ఇది చిన్న విషయమే. కానీ తర్వాత అన్నీ ఇలాగే జరిగాయి.

బావ ఒక పత్తి మిల్లులో గుమాస్తా. ఆదోనిలో పత్తి దిగే రోజుల్లో గాలిలో కూడా దూది ఉంటుంది. మిల్లుల వెనక పాత క్లబ్బొకటి ఉండేది, అందులో తెల్లదొరల కాలం నాటి బిలియర్డ్స్ బల్ల. కిటికీలన్నీ మూసినా ఎక్కణ్ణుంచి వచ్చేదో, సన్నటి నూగు ఆ ఆకుపచ్చ బట్టమీద వాలేది. కంటికానని పోగు ఒక్కటి చాలు, తిన్నగా పోవలసిన బంతి పక్కకు తిరగడానికి. అందుకని ఆట మొదలుపెట్టే ముందు, కిందటి ఆటలో ఓడినవాడు బ్రష్షు పట్టుకుని బల్లంతా ఒకే దిక్కుకు తుడవాలన్నది అక్కడి పద్ధతి. మా బావ మాత్రం గెలిచినా ఓడినా తనే తుడిచేవాడు. "పొద్దంతా దూదితోనే గదప్పా నా కాపురం, నాకు అలవాటే" అని బ్రష్షు లాక్కునేవాడు. జనం ముచ్చటపడిపోయేవాళ్ళు. ఓడినప్పుడల్లా పద్ధతి ప్రకారం నేనూ తుడిచాను, ఒక్కరంటే ఒక్కరు ముచ్చటపడలేదు.

నన్ను ఆ క్లబ్బుకు తీసుకెళ్ళింది ఆయనే. ఆదోని అంగళ్ళకు చీరలు వేసి, అక్కను చూడటానికి వెళ్ళిన ఒక ఆదివారం, "రాప్పా బామ్మర్దీ, ఇంట్ల కూసోని ఏం సేస్తావు" అని చెయ్యి పట్టుకుని లేవదీశాడు. ఆ తర్వాత ఏ ఆదివారమూ నేను ఎమ్మిగనూరులో లేను. "దేవరగట్టులో దసరాకు కర్రలెత్తి కొట్టుకునేది ఏడాదికొక తూరి. మీ ఇద్దరికీ వారం వారం పండగేనా?" అని మా అక్క వాకిట్లో నిలబడి దెప్పేది. ఆ మాట నిజానికి చాలా దగ్గరగా ఉంది. మా మధ్య తలలు పగలలేదన్న మాటే గానీ, జరిగింది పోరే.

ఎందుకంటే మిగతా అందరితో ఆయన ఆట వేరు. ఎదుటివాడు కొత్తవాడైనా, అరకొరగా ఆడేవాడైనా, బంతుల్ని వాడి చేతికి అందే చోట వదిలేసేవాడు. వాడు గురి చూసి కొడితే కర్ర మడమతో నేలను రెండుసార్లు తట్టి, "శభాష్ అప్పా!" అనేవాడు. ఆ శభాష్ కోసం హొళగుంద నుంచి కూడా మనుషులు బస్సెక్కి వచ్చేవాళ్ళు. నాతో ఆడేటప్పుడు ఆ నోటికి తాళం పడేది. బంతుల్ని బల్ల అంచులకు అంటించి, ఇటు కొడదామంటే అటు, అటు కొడదామంటే ఇటు అడ్డం పెట్టి చంపేవాడు. నేను మగ్గాల ఇంట్లో పుట్టినవాణ్ణి, తెగిన పోగు వెతికి అతికిన చేతులు నావి, తొందరగా వణకవు. ఆ ఇరుకులోంచి కూడా నేను బంతిని తీసి పాకెట్లో వేస్తే క్లబ్బంతా ఆయన కర్ర చప్పుడు కోసం చూసేది. ఆయన కిటికీలోంచి బయటికి చూసేవాడు. అసలు మా ఇద్దరిలో ఎక్కువసార్లు గెలిచింది నేను. ఈ ముక్క ఆదోనిలో ఎవరికైనా చెప్పి చూడండి, నవ్వుతారు.

ఇక ఆ ఆట సంగతి. ఒక ఏడాది క్లబ్బు పోటీల్లో ఆఖరి ఆట మా ఇద్దరికీ పడింది. ఎవరు ముందు నూరు చేస్తే కప్పు వాళ్ళది. ఇద్దరం తొంభై దాటాం. బల్లమీద ఆయన వంతు. మిగిలింది కళ్ళు మూసుకుని కొట్టగల దెబ్బ. నేను అప్పటికే కర్ర గోడకానించి, ముఖాన ఎలాంటి నవ్వు పెట్టుకోవాలో ఆలోచిస్తున్నాను. ఆయన వంగాడు. అంతలోనే నిటారుగా లేచి, లెక్క చెప్పే ముసలి సాహెబు వైపు తిరిగి, "ఫౌల్. నా చొక్కా తగిలింది" అన్నాడు. దూది దుమ్ముకు ఒళ్ళు దురద పెడుతుందని మిల్లు మనుషులంతా పొడుగు చేతుల చొక్కాలు వేసుకుని మణికట్టు దగ్గర గుండీ పెట్టుకునేవాళ్ళు. ఆ గుండీ ఊడి, చొక్కా చెయ్యి జారి ఎర్ర బంతికి తగిలిందట. సాహెబు చూడలేదు, నేను చూడలేదు, చుట్టూ నిలబడ్డవాళ్ళలో ఎవరూ చూడలేదు. బంతి కదిలిందన్న అనుమానం కూడా ఎవరికీ లేదు. బట్ట తగిలినా తప్పే కాబట్టి వంతు నాకొచ్చింది. నేను కొట్టాను, గెలిచాను. నేను తల ఎత్తేసరికి జనమంతా ఆయన చుట్టూ ఉన్నారు. కప్పు ఇచ్చిన పెద్దమనిషి కూడా నా చేతిలో కప్పు పెడుతూ ఆయన గురించే మాట్లాడాడు.

ఆ కప్పు ఇప్పటికీ నా అంగట్లో, వెంకటరమణ స్వామి పటం పక్కన ఉంది. మంత్రాలయం పోతూ చీరలు కొనడానికి ఆగిన వాళ్ళెవరైనా అదేంటని అడిగితే ఉత్సాహంగా మొదలుపెడతాను. వాళ్ళు ఆదోని మనుషులైతే నన్ను మధ్యలోనే ఆపేసి, "ఓ, అన్న ఫౌల్ సెప్పిన ఆట గదా!" అంటారు. గెలిచినవాడు ఎదురుగా కూర్చుని చీర మడత పెడుతున్నాడన్న స్పృహ ఉండదు. చీర ధరలో ఒక్క రూపాయి కూడా తగ్గించకుండా పంపిస్తాను.

తర్వాత క్లబ్బు పడిపోయింది, పెద్ద బల్ల ఎటో పోయింది. బస్టాండు దగ్గర చిన్న బల్లలతో, రంగురంగుల బంతులతో పూల్ పార్లర్ వచ్చింది. లోపల పాటల మోత, ఏసీ చలి. ఇదీ ఒక ఆటేనా అని నేను గడప దగ్గరే ఆగిపోయాను. ఆయన మిల్లు నుంచి రిటైరై, పొద్దున్నే అక్కడికి పోయి కూర్చోవడం మొదలుపెట్టాడు. తాత వయసులో ఉన్నా కాలేజీ పిల్లలందరికీ ఆయన అన్నే. ఎవరు ఏడుపు మొహంతో వచ్చినా ఆయనతో ఒక ఆట ఆడి గెలిచి నవ్వుకుంటూ పోయేవాళ్ళు. గడప దగ్గర ఆగినందుకు నన్ను ఎవరూ పట్టించుకోలేదు.

పోయిన ఆదివారం నాటి సభలో మాట్లాడిన ప్రతివాడూ అన్నమీద గెలిచినవాడే. పార్లర్ నడిపే కుర్రాడు గెలిచాడు, కరెంటాఫీసాయన గెలిచాడు. చివరికి హొళగుంద నుంచి వచ్చిన ట్రాక్టర్ల అంగడాయన మైకు పట్టుకుని, "నేను గెల్సినాను అన్నది సుళ్ళు సారూ, అబద్ధం. అన్న గెలిపిస్తాండె. నాకు తెలుసు, ఐనా శానా కుశాలైతాండె" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. ఆయన నావైపు తిరిగి చెయ్యి చూపిస్తూ, "అంతెందుకప్పా, ఆ ఫౌల్ మాట సూడండి! ఎవురూ సూడని ఫౌల్ ఏంటికి సెప్తాడు మనిషి? బామ్మర్ది మొగం సిన్నబోతాదని ఇడ్సిపెట్టినాడు. అవునా కాదా సారూ?" అన్నాడు.

హాలంతా నావైపు చూసి ప్రేమగా నవ్వింది. మెడలో పూలదండ, ఒళ్ళో శాలువా, నేనేం చేయను? తల ఊపాను. కానీ ఒళ్ళంతా మండిపోయింది. ఆయన ఊరందరి ప్రేమా పట్టుకుపోయాడు, పోనీ అనుకున్నాను. నాకు మిగిలింది ఆ ఒక్క కప్పు. అదీ ఆయన వేసిన భిక్షేనా? ఈ మాట ఇన్నేళ్ళలో నాకు తట్టలేదని కాదు, తట్టినప్పుడల్లా పక్కకు తోశాను. ఈసారి మైకులో వినిపించేసరికి తోయడం కుదరలేదు. బహుమతులు గబగబా పంచేసి, భోజనానికి ఉండమన్నా వినకుండా, ఆటో పట్టుకుని అక్క ఇంటికి పోయాను.

అక్క జొన్నరొట్టెలు తడుతోంది. నన్ను చూసి, "శాలువా బాగుంది, మీ బావ రిటైరైనప్పుడు కప్పిండేదానికన్నా మంచిది" అంది. నేను కూర్చోకుండానే అడిగేశాను. "అక్కా, నిజం సెప్పు. ఆ ఫౌల్ బావ కావాలని సెప్పినాడా? నన్ను గెలిపించినాడా?"

అక్క రొట్టెను పెనం మీదే వదిలేసి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వి నవ్వి కొంగుతో కళ్ళు తుడుచుకుంది. "మీ బావా? నీకు ఇడ్సిపెట్టేదా? ఏమ్రా, ఆయప్ప ఎవురికైనా ఇడుస్తాడు గానీ నీకు ఇడుస్తాడా! ఆ దినం ఇంటికొచ్చి చొక్కా ఇప్పి మూలకు ఇసిరికొట్టినాడు. అన్నం ముట్టల్యా. తెల్లారి ఉన్న చొక్కాలన్నీ మూట గట్టుకోని దర్జీ దగ్గరికి పోయి, అన్నిటికీ చేతులు కత్తిరించుకోనొచ్చినాడు. పెండ్లి చొక్కా కూడా ఇడ్సల్యా. ఆమీట మిల్లులో దురద పెట్టి సేతులు పుండ్లయితాంటే కొబ్బరినూనె పూసేదాన్ని. పొడుగు చేతులది మల్లా తొడగనేలేదు."

నిజమే, ఆ ఆట తర్వాత బావ పొట్టి చేతుల చొక్కాల్లో తప్ప నాకు గుర్తు రావడం లేదు. ఎండకనుకున్నాను. "మరి అందరితోనూ ఓడిపోతాండె గదా?" అన్నాను.

"అందరితో ఓడిపోయి ఈల ఏసుకుంటా వస్తాండె. నీతో ఓడిన దినం తలుపు తోసే సప్పుడుకే తెలిసిపోతాండె నాకు. 'వాని సెయ్యి సూడే, దేవుడు వానికి ఇచ్చినాడు, నాకు ఇయ్యల్యా' అని మంచం మీద పొర్లుతాండె. కుళ్ళురా, ఒట్టి కుళ్ళు. ఏమనుకున్నావు?"

"నాకెప్పుడూ ఒక్క శభాషన్నా అనల్యా."

"అంటే నీకు పొగరొస్తాదన్నాడు."

"నువ్వన్నా సెప్పుండొచ్చు గదా అక్కా!"

"సెప్పొద్దని ఒట్టు పెట్టించుకున్నాడు" అంటూ మాడిన రొట్టెను తీసి పక్కన పెట్టింది. "నువ్వు తమ్మునివి, ఆయప్ప మొగుడు. ఎవురి దిక్కు మాట్లాడేది నేను?"

నేను కూర్చుని, ఒకటికి రెండు రొట్టెలు అడిగి తిన్నాను. ఇంత సంతోషంగా ఆ ఇంట్లో నేనెప్పుడూ తినలేదు. అక్క వేసిన మీగడ పెరుగు కూడా గమనించకుండా తిన్నాను. ఊరందరికీ ఆయన తన మంచితనం పంచాడు. నాకొక్కడికే తన నిద్ర పట్టని రాత్రులు ఇచ్చాడు. అందరితో ఆడింది వాళ్ళ సంతోషం కోసం, నాతో మాత్రమే గెలవడం కోసం. ఇప్పుడే వెనక్కి పోయి, ఆ హొళగుంద ఆయన చేతిలోంచి మైకు లాక్కుని, ఈ మాట ఊరికంతా వినిపించాలనిపించింది. కానీ వాళ్ళు నమ్మరు. నమ్మినా, చూశారా ఎంత నిజాయితీ అని ఆయన్నే మెచ్చుకుంటారు.

చెప్పి దెప్పవలసిన మనిషి ఒక్కడే. "ఏం బావా, పెళ్ళి చొక్కా చేతులు కూడా కత్తిరించావంట గదా" అని ఆయన మొహంలోకి చూస్తూ ఒక్కసారి అనాలి. ఆయన అప్పుడు కిటికీలోంచి బయటికి చూడాలి. నేను చేయి కడుక్కుని వచ్చి, ఏం చేయాలో తోచక ఆయన మంచం మీద కూర్చున్నాను. ఇన్నేళ్ళూ ఈ సంగతి తెలిసీ దాచుకున్నందుకు అక్కమీద కూడా కొత్తగా అసూయ పుట్టింది.

సాయంత్రం ఎమ్మిగనూరు బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. ఈ వయసులో కూడా మనల్ని ఇష్టపడేవాళ్ళు కొత్తగా దొరకవచ్చు. ముఖ్య అతిథిగా పిలిచి శాలువాలు కప్పేవాళ్ళయితే తప్పకుండా దొరుకుతారు. కానీ మనల్ని చూసి అన్నం మానేసి అంత శ్రద్ధగా కుళ్ళుకునే మనిషి తయారు కావాలంటే ఒక జీవితకాలం పడుతుంది, నా దగ్గర ఇక అంత టైము లేదు.