ఎనభై ఏడుకీ నూట నలభై రెండుకీ మధ్య

ఉప్పల్‌లో ఒక చిన్న పరిశోధన కేంద్రంలో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరిన రెండో ఏడు, మా సార్ నన్నొక బొమ్మ గీయమన్నారు. నేను గీయలేదు. ఉద్యోగం పోవడానికి మొదలు అక్కడే. ఆ సంగతి తెలిసినవాళ్ళు తలా ఒకరకంగా చెబుతున్నారు కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే రాస్తున్నాను.

మా పని వేడికి చెడిపోని ఒక ప్రోటీన్ మీద. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాలు ఒకదాని వెనుక ఒకటి అతుక్కున్న పొడవాటి గొలుసు. అది ఉండచుట్టుకున్నప్పుడు ఎక్కడో ముందున్న ఆమ్లం, ఎక్కడో వెనకున్న ఆమ్లం పక్కపక్కకి వస్తాయి. వాటి మధ్య దూరం బాగా తక్కువగా ఉంటే దాన్ని కాంటాక్ట్ అంటాం. ఏది దేన్ని తాకుతోందో జాబితా తీస్తే, ఆ ఉండ విడిపోకుండా పట్టి ఉంచుతున్నదేమిటో తెలుస్తుంది. మా ప్రోటీన్‌లో ఎనభై ఏడో స్థానంలోని లైసీన్, నూట నలభై రెండో స్థానంలోని ఆస్పార్టిక్ ఆమ్లం ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకున్నాయని, అందుకే అది వేడిని తట్టుకుంటోందని సార్ నమ్మకం. ఒకదానిది ధన ఆవేశం, మరొకదానిది రుణ ఆవేశం. దగ్గరికొస్తే పట్టుకోవడం సహజమే. సార్ ఏ సభలో మాట్లాడినా ఆ జంట గురించే చెప్పేవారు. పేపరు రాయడం దాదాపు అయిపోయింది. మిగిలింది బొమ్మ ఒక్కటే. ఆ రెండింటి మధ్య ఒక చుక్కల గీత పెట్టాలి.

ఒకరోజు పొద్దున ప్రోటీన్ నిర్మాణాన్ని కంప్యూటర్ తెర మీద తెరిచి, లైసీన్‌కి నీలం, ఆస్పార్టిక్ ఆమ్లానికి ఎరుపు వేశాను. గీత గీయమని కొట్టాను. అది అణువు ఈ చివరి నుంచి ఆ చివరికి అడ్డంగా పోయింది. నంబర్లు తప్పు కొట్టానేమోనని మళ్ళీ కొట్టాను. మళ్ళీ అంతే. పక్కపక్కన ఉండాల్సినవి ఒకటి తూర్పున, ఒకటి పడమట ఉన్నాయి.

అసలు సంగతి అర్థం కావడానికి ఆ రోజంతా పట్టింది. మేము వాడే పద్ధతిలో ప్రోటీన్ ఆకారం తెలుసుకోవాలంటే ముందు దాన్ని స్ఫటికంగా మార్చాలి. స్ఫటికంలో ఒకే అణువు కాపీలు గోదాములో బస్తాల్లా ఒకదాన్నొకటి ఒరుసుకుని ఉంటాయి. ఆ ఆకారం రాసి ఉన్న మా ఫైల్లో అలాంటి కాపీలు రెండున్నాయి. ఒకటి ఏ గొలుసు, రెండోది బి గొలుసు. ఏ గొలుసులోని ఎనభై ఏడు తాకుతున్నది తన నూట నలభై రెండుని కాదు, పక్క కాపీలోని నూట నలభై రెండుని. కాంటాక్టుల జాబితా తీసిన ప్రోగ్రాం నంబర్లు చూసింది కానీ గొలుసు పేరు చూడలేదు. రెండింటినీ ఒకే అణువనుకుంది.

తెరని నమ్మకుండా కాగితం మీద కూడా లెక్క కట్టాను. ఫైల్లోంచి రెండు పరమాణువుల స్థానాలు రాసుకుని, తేడాలు తీసి, వర్గాలు కట్టి, కలిపి, వర్గమూలం తీశాను. పక్క గొలుసుతో మూడు ఆంగ్‌స్ట్రామ్‌ల లోపే. ఆంగ్‌స్ట్రామ్ అంటే సెంటీమీటరులో పది కోట్లవ వంతు. సొంత గొలుసులో ఇరవై దాటింది. అంత దూరంలో ఉన్నవి ఒకదాన్నొకటి పట్టుకోవడమన్నది జరగదు.

కాగితం తీసుకుని సార్ గదికి వెళ్ళాను. ఆయన చూశారు. అంకెల మీద వేలు పెట్టి ఒక్కొక్కటీ సరిచూసుకున్నారు.

"అయితే పక్క గొలుసుతోనే గీత గియ్యి. రెండూ జంటగా ఉంటాయని రాద్దాం" అన్నారు.

"సార్, నీళ్ళలో అది ఒంటరిగానే ఉంటుంది. మన రిపోర్టే ఉంది కదా, ఒక్క అణువు బరువే వచ్చిందని. ఆ పక్కది స్ఫటికంలో మాత్రమే పక్కది."

ఆయన కాగితం నా వైపు తోశారు. "చూడమ్మా, నేను బొమ్మ అడిగాను. నీ అభిప్రాయం అడగలేదు."

"లేనిదాని బొమ్మ నేను గీయను సార్" అన్నాను. కాగితం మడిచి పట్టుకుని బయటికి వచ్చేశాను.

మా ఇల్లు నాచారంలో, ఇండస్ట్రియల్ ఏరియా వెనుక. అమ్మ అక్కడే మాత్రలు ప్యాక్ చేసే ఫ్యాక్టరీలో చాలా ఏళ్ళుగా పనిచేస్తోంది. ఆ సాయంత్రం షిఫ్టు దిగి వచ్చి, గడప మీద కూర్చుని కాళ్ళు ఒత్తుకుంటూ నేను చెప్పింది విన్నది.

"గా పట్టుకునుడేందో నాకు తెల్వది. అది ఉన్నదా, లేదా? గది జెప్పు."

"లేదే అమ్మా."

"లేకపోతే లేదను. గంతే."

"కొలువు పోతదే."

అమ్మ నా వైపు తిరిగింది. "ఒకపారి మా లైన్ల మాత్రలు లేని ఖాళీ గుంతలతోని షీట్లు వచ్చినయి. సూపర్‌వైజర్ పోనియ్యి పోనియ్యి అన్నడు. నేను బెల్టు ఆపిన. మస్తు మొత్తుకున్నడు. దవాఖానల పడి ఉన్నోడు ఖాళీ గుంతల ఏం మింగుతడు? నన్ను నెల రోజులు డబ్బాలు మోసే కాడ ఏసిన్రు. మోసిన. ఏమైంది నాకు?"

ఈ సంగతి అమ్మ అంతకుముందెప్పుడూ నాకు చెప్పలేదు. ఆ నెలంతా నడుం నొప్పని మూలిగితే వయసు మీద పడుతోందనుకున్నాం.

మర్నాడు పొద్దున్నే మా గ్రూపులో అందరికీ ఒక మెయిల్ పంపాను. రెండు బొమ్మలు, నా లెక్క, ప్రోగ్రాంలో తప్పు ఉన్న వరుస. ఇంత సరిగ్గా చేశాననుకున్న పనిలో పెద్ద తప్పొకటి చేశాను. ఆ ప్రోగ్రాం రాసింది మా గ్రూపులో పీహెచ్‌డీ చేస్తున్న అక్క. గుంటూరు వైపు మనిషి. నాకు పని నేర్పింది ఆమే. ఆమె థీసిస్‌లో ఒక అధ్యాయం మొత్తం ఆ జంట మీదే ఉంది. ఆమెతో ముందుగా ఒక్క మాటైనా అనకుండా అందరి ముందూ పెట్టేశాను.

మధ్యాహ్నం క్యాంటీన్‌లో వచ్చి నా ఎదురుగా నిలబడింది. టిఫిన్ డబ్బా కూడా తెచ్చుకోలేదు.

"నాతో చెబితే నేనే దిద్దుకునేదాన్ని కదే. అందరి ముందూ నన్ను నిలబెట్టావు."

"చెప్పిన తీరు తప్పే అక్కా. క్షమించు" అన్నాను. "చెప్పింది మాత్రం తప్పు కాదు."

ఆమె వెళ్ళిపోయింది. రెండు వారాలు నాతో మాట్లాడలేదు. ఈలోగా నా కంప్యూటర్ ఇంకొకరికి ఇచ్చారు. నన్ను స్టోర్‌రూమ్‌లో సీసాలకి లేబుళ్ళు అంటించే పనికి పంపారు. సార్ గమనించారో లేదో కానీ, సీసాల మీద గడువు దాటిన తేదీలుంటే అవి కూడా విడిగా తీసి, జాబితా రాసి సార్ బల్ల మీద పెట్టేదాన్ని. కావాలనే పెట్టేదాన్ని.

రెండు వారాల తరువాత అక్కే స్టోర్‌రూమ్‌కి వచ్చింది. ప్రోగ్రాం దిద్ది మళ్ళీ నడిపిందట. కొత్త జాబితాలో ఆ జంట లేదు. "అయినా సార్ ఒప్పుకోరు. కంప్యూటర్ చెబితే కంప్యూటర్‌దే తప్పంటారు. ట్యూబులో చూపించాలి" అంది. అప్పటికే ఆమె ఎనభై ఏడో స్థానంలో లైసీన్ తీసేసి, ఏ ఆవేశమూ లేని అలనిన్ పెట్టిన ప్రోటీన్ తయారు చేస్తోంది. సార్‌ని అడగలేదు. ఆ పట్టు వల్లే వేడికి నిలుస్తోందన్నది నిజమైతే, లైసీన్ పోయాక అది పాలు విరిగినట్టు విరిగిపోవాలి.

ఆ రోజు ఇద్దరం వేడి నీళ్ళ తొట్టి పక్కన నిలబడ్డాం. ఒక ట్యూబులో పాతది, ఒకదాంట్లో కొత్తది, మూడోదాంట్లో వేడికి ఎలాగూ ఆగని మామూలు ప్రోటీన్. మూడోది కాసేపటికే తెల్లగా మసకబారింది. మా రెండూ నీళ్ళంత తేటగా ఉన్నాయి. అక్క ట్యూబులు కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుతురులో చూసింది. ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. తన అధ్యాయం పోయిందని రుజువు చేసుకున్నది తన చేతులతోనే మరి. "ఇంకో రెండుసార్లు చేద్దాం పట్టు" అంది, ముక్కు తుడుచుకుంటూ.

గ్రూపు మీటింగ్‌లో అక్కే చూపించింది. సార్ మళ్ళీ చేయమన్నారు. చేశాం. ఇంకోసారి చేయమన్నారు. చేశాం. మూడోసారికి ఒప్పుకున్నారు. ఆ జంట పేపర్లోంచి పోయింది. అక్క అధ్యాయం సగమైంది కానీ థీసిస్ ఒప్పుకున్నారు. పేపరు కొన్నాళ్ళకి చిన్నదిగా అచ్చయింది. ఏ ఒక్క కాంటాక్టూ కాదు, చిన్న చిన్నవి చాలా కలిసి దాన్ని నిలబెడుతున్నాయని అందులో రాశారు. నా పేరు లేదు.

అప్పటికి నా కాంట్రాక్టు ముగిసింది, పొడిగించలేదు. కాగితాలు తీసుకోవడానికి వెళ్ళిన రోజు సార్ గది తలుపు తట్టి నేరుగా అడిగాను. "నా పేరు ఎందుకు లేదు సార్?"

ఆయన చిరాకు పడలేదు. మామూలుగానే అన్నారు. "నువ్వు చేసింది ఒకటి తీసేయించడమే కదమ్మా. తీసేసినదానికి పేరెలా పెడతారు?"

"ఆ తప్పు ఉండిపోయుంటే మీ పేరుతో ఉండిపోయేది సార్. నేను పోగొట్టింది అదొక్కటే" అన్నాను. తలుపు మెల్లగానే వేసి వచ్చాను.

తరువాత ఇంటర్వ్యూలకి తిరిగాను. పాత చోటు ఎందుకు మానేశావని అడిగితే అబద్ధం చెప్పమని స్నేహితులన్నారు. చదువు కోసమనో, ఆరోగ్యమనో. నేను ఉన్నదున్నట్టు చెప్పాను. మొదటి చోట మర్యాదగా మంచినీళ్ళిచ్చి పంపేశారు. రెండో చోట కబురే చేయలేదు. మూడోది నాచారంలోనే, మా ఇంటికి నడిచే దూరంలో, మందులు తయారుచేసే కంపెనీ. ఏ మందు ప్రోటీన్‌లో ఏ భాగాన్ని తాకుతుందో చూసే పని. ఇంటర్వ్యూ చేసినావిడ నా కథంతా విని కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"ఈడ గూడ గట్లనే జేస్తవా?" అని అడిగింది.

"చేస్తా మేడం. కాకపోతే ముందు ఎవరి పనో వాళ్ళకే చెప్త. ఆ తర్వాత అందరికీ చెప్త."

ఆవిడ నవ్వలేదు. సోమవారం నుంచి పనికి రమ్మంది. నేను వెళ్ళాను.