రైనో పదును పెట్టని కుడి స్కేటు

రైనో కివెలా ఇరవై రెండేళ్ళు మా ఐస్ హాకీ జట్టు స్కేట్లకు, అంటే మంచు మీద జారే బూట్ల బ్లేడ్లకు, పదును పెట్టాడు. నేను ఆ జట్టు బస్సు నడిపేవాణ్ణి. కెనడాలో ఒంటారియోకి ఉత్తరాన, ఏడాదిలో సగం గడ్డకట్టే ఊరు మాది. బ్లేడు అరిగిన తీరు చూసి, ఏ కుర్రాడు ఏ కాలి మీద బరువు మోపట్లేదో రైనో ఇట్టే చెప్పేసేవాడు.

మేనేజరు డోయల్ ప్రతి సోమవారం రెండు కాఫీలు పట్టుకుని వచ్చేవాడు. "ఎవడైనా తేడాగా ఉన్నాడా, రైనో?" అని అడిగేవాడు. రైనో చెప్పేవాడు. డోయల్ ఆ కుర్రాళ్ళను డాక్టరు దగ్గరికి పంపుతాడని నమ్మాడు, పిచ్చి మారాజు.

ఆ ఫిబ్రవరిలో కోల్బీ పేరు చెప్పాడు. ఇరవై ఒక్కేళ్ళవాడు, గోల్స్‌లో అందరికంటే ముందున్నవాడు. "కుడి బ్లేడు లోపలి అంచు అరగట్లేదు. పాదంలో ఏదో చిట్లింది. ఇలాగే ఆడితే వాడి ఆట ఈ ఏడాదితో సరి."

మర్నాడే గోడమీద కాగితం అంటించారు. కోల్బీని సడ్‌బరీ ఊరి దారిలోని జట్టుకి ఇచ్చేసి, బదులుగా వాళ్ళ గోల్‌కీపర్ని తెచ్చుకుంటున్నారట. పాదం సంగతి అందులో ఎక్కడా లేదు.

రైనో ఆ కాగితం ముందు నిలబడి వేళ్ళు మడిచాడు. "ల్యూక్ సంగతి చెప్పాను, వారంలో పంపేశాడు. ఆ పొడుగు కుర్రాడు, వాడూ అంతే..." ఒక చెయ్యి అయిపోయి రెండో చెయ్యి మొదలైంది. "ఆ డోయల్ ఇన్నేళ్ళూ నా నోటితోనే కుర్రాళ్ళకు ధర కట్టి, దెబ్బ దాచి అమ్మాడయ్యా!"

నాకు ఒళ్ళు మండిపోయింది. అంత నీచుడు తెచ్చిన కాఫీని నేనూ ఎన్నోసార్లు తాగాను.

జట్టు మారేవాడి స్కేట్లకు చివరిసారి పదును పెట్టి పంపడం మా ఆనవాయితీ. రైనో ఎడమదానికి పెట్టాడు. కుడిదాన్ని ముట్టుకోలేదు; పదును పెడితే ఆ అరుగుదల గుర్తు చెరిగిపోతుంది. అవతలి జట్టులో ఆ పని చేసే గాస్టన్‌కి ఆ ఒక్క బ్లేడు చాలు. చూశాడు, వాళ్ళ డాక్టరుకి చెప్పాడు. ఎముక చిట్లిందని తేలింది. బేరం రద్దయింది.

డోయల్ ఊగిపోతూ వచ్చాడు. "చేతికొచ్చిన గోల్‌కీపర్ని పోగొట్టావు! నీ పనేదో నువ్వు చూసుకోలేవా?"

"చూసుకున్నాను," అని రైనో ఆప్రాన్ విప్పి బల్లమీద పడేశాడు.

వారం తిరక్కుండా కోల్బీ ఊతకర్రలతో రైనో ఇంటికి వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. కృతజ్ఞత చెప్పడానికనుకున్నాం.

"నిన్నెవడు చెప్పమన్నాడు, పెద్దాయనా? అక్కడ మొదటి వరసలో ఆడేవాణ్ణి!"

"కాలు నొప్పిగా లేదా?"

"డిసెంబరు నుంచీ ఉంది."

"ఎవరికైనా చెప్పావా?"

"చెబితే నా ధర పడిపోదా?"

రైనో చేతిలో కప్పు నేలకేసి కొట్టాడు. "ధర ఆ డోయల్‌దిరా! కాలు నీది!"

ఇరవై రెండేళ్ళలో ఆయన అరవగా విన్నది అదొక్కసారే.