పెనుకొండలో పడని వాన

ఒక్క వాక్యాన్ని ఆరేళ్లుగా మోస్తున్నాను. "వానకు నేల తడిసినందున ఈ రికార్డింగులను పక్కన పెట్టాం." రాసింది నేనే. ఆ వారం పెనుకొండలో ఒక్క చినుకు పడలేదు. ఢిల్లీలో కూర్చున్న పైవాళ్లు నమ్మారు. మా సీమ మనిషి ఎవరైనా చదివుంటే పగలబడి నవ్వేవాడు, ఫిబ్రవరిలో ఇక్కడ వానేంటి తల్లీ అని.

నాది హిందూపురం. కంప్యూటర్ సైన్స్ చదివి, సైన్యం కోసం పరిశోధన చేసే సంస్థలో చేరాను. యూనిఫాం లేదు, తుపాకీ లేదు. ప్రోగ్రాములు రాయడమే నా పని. సరిహద్దులో నేలలో పాతిపెట్టే పరికరం అడుగుల అదురు వింటుంది; వచ్చేది మనిషా, పశువా అన్నది నా ప్రోగ్రాం చెప్పాలి. పరీక్షకు పెనుకొండ దగ్గర బీడు చూపించింది నేనే. మా ఊరి పక్కకే పని తెచ్చానని ఎంత మిడిసిపడ్డానో!

గొర్రెలు కావలసి ఓబులప్పను పిలిపించాం. అరవై దాటిన కాపరి. మంద వెనకాల నడవమన్నాం. ఆయన వింటేనా! కుంటుతున్న పిల్లను భుజాన వేసుకుని మంద నడుమకు పోయాడు. గొర్రె ఆగితే ఆగాడు, కదిలితే కదిలాడు. అట్లా పన్నెండుసార్లు నడిచాడు. తొమ్మిదిసార్లు నా ప్రోగ్రాం "పశువులు" అంది. మనిషే లేడంది.

నివేదికకు రెండు రోజులే గడువు. అది గట్టెక్కితే మా పరిశోధన గ్రూపు నా చేతికొస్తుంది. అప్పుడు నాకేమనిపించింది? భయమా? కాదు, ఉక్రోషం. ఈ ముసలాయన చెప్పినట్టు నడిచుంటే ఏం పోయేది అనుకున్నాను. చొరబడేవాడూ అట్లాగే మందలో కలిసి వస్తాడని, ఆయన నడకే అసలైన పరీక్ష అని తెలిసి కూడా, తర్వాత నేనే దిద్దుతానులే అని నాకు నేనే సర్దిచెప్పుకుంటూ, ఆ పన్నెండు రికార్డింగులూ తీసేసి నివేదికలో వాన కురిపించాను.

సామాను సర్దుతుంటే ఆయన వచ్చాడు.

"ఏమ్మా, నన్ను కనిపెట్టెనా నీ మిషను?"

"కనిపెట్టింది ఓబులప్పా."

"అట్లయితే సరే. మా చిన్నోడు మిలిట్రీలో ఉండాడు, బార్డర్ కాడ. వాడు రెప్ప వాల్చినా ఇది మేలుకోనుంటాది."

నవ్వి టీ ఇచ్చాను. ఛీ, ఆ నవ్వు!

గ్రూపు నాదైంది. లోపం దిద్దాలని ఎన్నిసార్లు కూర్చున్నానో. దిద్దితే, ఎందుకు దిద్దానో చెప్పాలి. నోరు రాలేదు. పోయిన వారం కాగితం వచ్చింది: పరికరాన్ని సరిహద్దు చౌకీలకు పంపుతున్నాం, సంతకం చెయ్యండి అని. చెయ్యలేదు. జరిగిందంతా రాసి, ఆఫీసులోనే దాచి ఉంచిన పన్నెండు రికార్డింగులతో సహా డైరెక్టరు బల్ల మీద పెట్టాను. ఉద్యోగం ఉంటుందా? తెలీదు. ఊడినా సరే, ఇప్పుడు రాసిచ్చింది వెనక్కి తీసుకోను.

ఓబులప్ప మంద అటు పోయిందని తెలిసి నిన్న ధర్మవరం పోయాను. వేరుశనగ పీకేసిన చేలో ఓబులప్ప మంద పెట్టి ఉన్నాడు. నిలబడే చెప్పేశాను.

"ఓబులప్పా, ఆ పొద్దు అబద్ధం చెప్పినా. నా మిషను నిన్ను కనిపెట్టలేదు."

ఆయన జేబులు తడుముకుని ఫోన్ తీశాడు, ఆ మిషన్ను నమ్ముకోవద్దని బార్డర్‌లోని కొడుకుకు చెప్పడానికి. రింగు పోతూనే ఉంది. అవతల ఎత్తేదాకా నేను అక్కడే నిలబడ్డాను. ఆరేళ్లలో మొదటిసారి, పారిపోవాలనిపించలేదు.