తక్కువ కౌంటు

పెడనలో మా వీధివాళ్ళకి కౌంటు అంటే నూలు సంగతే. వంద కౌంటు నూలు వెంట్రుకంత సన్నం, ఊరికే తెగుతుంది. కౌంటు తగ్గేకొద్దీ దారం లావెక్కుతుంది, గట్టిగా ఉంటుంది. తక్కువ కౌంటు నేసేవాడికి అతుకుల బాధ ఉండదు. ఈ ముక్క మా ఇళ్ళలో చిన్నపిల్లలనడిగినా చెప్తారు. చౌడేశ్వరమ్మ బతుకులో ఎనిమిదేళ్ళు ఈ ముక్కే మింగేసింది కాబట్టి ముందే చెప్తున్నాను.

చౌడేశ్వరమ్మ మా ఎదురింటి కోడలు, మంగళగిరి పిల్ల. తొంభై ఒకటిలో అంకమ్మరావుకిచ్చి చేశారు. అతను గుంట మగ్గంలో దిగి చీర నేస్తుంటే ఈమె పక్కనే రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టి అందించేది. కండె ఆలస్యమైతే విసుక్కునేవాడు, అంతకు మించి చెడ్డవాడు కాదు. ఆ ఇంట్లో నోరంటే అత్తగారు సంపూర్ణమ్మదే. కోడలి కడుపు పండకపోయినా నాలుగేళ్ళు ఓపిక పట్టి, ఆ తర్వాత పేరు పెట్టి పిలవడం మానేసింది. "ఒసే గొడ్రాలా" అనేది. మొదట్లో చౌడమ్మ మా పెరట్లోకి వచ్చి ఏడ్చేది. రానురాను అదీ మానేసింది.

తొంభై ఐదులో ఆలుమగలిద్దరూ బందరు పాసింజరెక్కి బెజవాడ వెళ్ళారు. గవర్నరుపేటలో ఎలిజబెత్ అని ఒక లేడీ డాక్టరు. ఇద్దరికీ పరీక్షలు చేయించింది. చౌడమ్మకి థైరాయిడ్ ఉందని, రోజూ పరగడుపున మాత్ర వేసుకోమని చెప్పింది. అంకమ్మరావుతో, "మీ కౌంటు బాగా తక్కువుందండీ. మందు రాస్తున్నాను, బీడీలు మానెయ్యండి. కొన్నాళ్ళాగి ఇద్దరూ కలిసి రండి" అంది. బయట జనం కిక్కిరిసి ఉన్నారు, ఆవిడకి అంతకన్నా తీరిక లేదు.

అతను రైలు దిగి ఇంటికి రావడం పెళ్ళికొడుకులా వచ్చాడు. వీధి అరుగు మీద తల్లితో చెప్తుంటే నా చెవులతో విన్నాను.

"నాకేం పర్లేదమ్మా. తక్కువ కౌంటంట. మంచి లావు నూలు. లోపమంతా దానిదే, దానికి మాత్రలిచ్చారు."

"మరి నీకూ ఏదో రాసిచ్చిందిగా?" అంది సంపూర్ణమ్మ.

"బలం మందులే. అందరికీ రాస్తారు. గట్టిగా ఉన్నోడికి బలం మందెందుకు?"

చౌడమ్మా నేతగాళ్ళింట పుట్టిందే, ఆమెకీ అలాగే అర్థమైంది. ఇతను బీడీలూ మానలేదు, మందూ కొనలేదు. ఆమె మాత్రం మాత్ర ఒక్క పూట తప్పలేదు. వ్రతాలు చేసింది, ఉపవాసాలుంది. ఇవన్నీ చేస్తున్నప్పుడు మొహంలో ఆశ కూడా ఉండేది కాదు. కండె చుట్టినట్టే చేసుకుపోయేది. నాకైతే ఆ మొహం చూస్తే ఒళ్ళు మండేది, పోయి తిట్టొచ్చుకదా ఎవరినైనా అని.

రెండువేల మూడులో సంపూర్ణమ్మ కప్పలదొడ్డిలో కొడుక్కి రెండో సంబంధం చూసింది. కోడలినడిగితే "సరే" అంది. అంతే, ఒక్క మాట.

"సరే ఏంటే, నీకు బుద్ధుందా? నిన్ను ఏ మూల కూర్చోబెడతారో తెలుసా?" అన్నాను.

"ఇప్పుడు మాత్రం ఏ మూల ఉన్నాను రావమ్మొదినా?" అంది.

ఆ నెలలోనే ఆమెకి నీరసం ఎక్కువై మాత్ర మోతాదు చూపించుకోవాల్సి వస్తే నేనే తోడు వెళ్ళాను. ఎలిజబెత్ గారికి జుట్టు నెరిసింది. కుశలమడిగి, "మీ ఆయన మందు వాడుతున్నారా?" అంది.

"ఆయనకెందుకండీ? ఆయనది తక్కువ కౌంటు కదండీ" అంది చౌడమ్మ.

డాక్టరు రాస్తున్న పెన్ను పక్కన పెట్టింది. "అందుకేనమ్మా వాడమంది! కౌంటంటే బిడ్డ కలగడానికి మగవాళ్ళలో ఉండే కణాల లెక్క. అవి చాలినన్ని లేవు. మీ మాత్ర మీరెంత వాడినా ఆయన వైపు కూడా బాగుండాలి కదా" అంది.

నాకు ముందు నవ్వొచ్చింది, వెంటనే ఏడుపొచ్చింది. చౌడమ్మకి రెండూ రాలేదు. "అలాగాండీ" అని లేచి చెప్పులేసుకుంది.

ఆ సాయంత్రమే కండెలు చుడుతూ చుడుతూ మొగుడికి చెప్పిందట. మగ్గం ఆగిపోయింది.

"అంటే, లావు కాదా?" అన్నాడట.

"కాదంటండీ. తక్కువంటే తక్కువేనంట."

మర్నాటి నించి అతను బీడీ ముట్టలేదు, బందరు పోయి మందు తెచ్చుకున్నాడు. కానీ తల్లితో చెప్పడానికి నోరు రాలేదు. కప్పలదొడ్డి వాళ్ళు ముహూర్తం మాట్లాడ్డానికి వచ్చే రోజు దగ్గరపడింది. చౌడమ్మ కూడా అడగలేదు, చెప్పండని. ఇంకో ఆడపిల్ల కూడా వచ్చి అదే పేరు మోస్తుందే అని నేను ఊరుకోలేకపోయాను. నేనే వెళ్ళి చెప్పేస్తానంటే, "ఆయన నోటితో రావాలొదినా. నువ్వు చెప్తే కోడలు కట్టించిన కథంటారు" అంది.

వాళ్ళు వచ్చేలోగా అంకమ్మరావు మగ్గానికి కొత్త పడుగు వేసే పని పడింది. చీర పొడుగు దారాలన్నీ వీధిలో కర్రల మీద సాగదీసి, తెల్లారకుండానే గంజి పెడతాం. ఇరుగు పొరుగు అందరం సాయం పట్టాలి. రెండు కొసలా బిగించి పట్టుకోకపోతే పడుగు నేల తాకి చెడిపోతుంది. ఒక కొస అంకమ్మరావు పట్టుకున్నాడు. చౌడమ్మ గంజి తడిపిన కుంచె తీసుకుని వచ్చింది.

"నువ్వు పక్కకి జరగవే. కొత్త పడుగుకి తొలి చెయ్యి నీదా? అరిష్టం" అంది సంపూర్ణమ్మ అందరి ముందూ.

చౌడమ్మ జరిగింది. ఎప్పుడూ జరిగేదే.

"అమ్మా, పక్కకి జరగాల్సింది నేను" అన్నాడు అంకమ్మరావు. "దాని లోపం మాత్రతో సర్దుకుంది. నాది నేను ఒప్పుకోలేదు. తక్కువ కౌంటంటే గట్టిదని నీతో అన్నానే, అది తప్పు. ఆ గొడ్రాలి పేరేదో నాకే పెట్టి పిలువు" అని చేతిలోని కొస వదిలేసి నిజంగానే మా అరుగు దాకా నడిచొచ్చి నిలబడ్డాడు.

అలాంటి మగవాణ్ణి ఏమని పిలవాలో సంపూర్ణమ్మకీ తెలీదు, మా ఎవరికీ తెలీదు. అంతలో పడుగు వంగి నేల తాకబోతుంటే చౌడమ్మ కుంచె పారేసి పరుగున వచ్చి ఆ కొస పట్టుకుంది. అతను తిరిగొచ్చేదాకా ఒక్కతే పట్టుకునుంది.

కప్పలదొడ్డి సంబంధం ఆ పొద్దుటితో పోయింది. ఆ తర్వాత ఏ ఆస్పత్రికి వెళ్ళినా ఇద్దరూ కలిసే వెళ్ళారు. కానీ అలా తిరుగుతుండగానే ఆమె వయసు దాటిపోయింది, పిల్లలు కలగలేదు.

పడుగు గంజి పెట్టిన ఆ రోజే నేను ఉండబట్టలేక అడిగాను. "ఇన్నేళ్ళకి అందరి ముందూ ఒప్పుకున్నాడు కదే, నీకేమనిపించింది?"

చౌడమ్మ అరచేతులు చూసుకుంది. దారాలు ఒరుసుకుని ఎర్రగా కందిపోయాయి.

"చేతులు నొప్పెట్టాయొదినా" అంది.