ఖాళీ కడుపుతో ఎగిరే లారీ

1954 ఆగస్టు. ఆదోని తాలూకా బళ్ళారి జిల్లా నుంచి విడిపోయి కర్నూలు జిల్లాలో కలిసి ఇంకా ఏడాది కాలేదు. ఆదోనిలో నేను పనికి వెళ్ళిన చిన్న ఆసుపత్రి గుమాస్తా ఉత్తరాల కాగితాల మీద పాత జిల్లా పేరు కొట్టేసి, పక్కన కొత్త పేరు చేత్తో రాస్తూ ఉండేవాడు. నాకప్పుడు ఇరవై నాలుగేళ్ళు. పుట్టిందీ, పెరిగిందీ, మోటారు పని నేర్చుకుందీ అంతా మద్రాసులోనే. ఆ ఆసుపత్రి వాళ్ళకి పాత మిలిటరీ లారీ ఉందనీ, దాన్ని పల్లెలు తిరిగేలా తయారు చెయ్యాలనీ కబురొస్తే మా మేస్త్రీ నన్ను పంపించాడు. "నీ కోపానికి ఈ షెడ్డు చాలడం లేదురా. అక్కడ ఖాళీ జాగా ఎక్కువట, పో" అన్నాడు.

యుద్ధం అయిపోయాక సైన్యం అమ్మేసిన బండ్లని డిస్పోజల్ బండ్లు అనేవాళ్ళం. ఇది అలాంటిదే, మూడు టన్నుల లారీ. ఫోర్ వీల్ డ్రైవ్. అంటే మామూలు లారీని వెనక చక్రాలే తోస్తాయి, దీనికి మాత్రం సీటు పక్కన ఇంకో లివర్ ఉంటుంది. అది లాగితే ముందు చక్రాలు కూడా పనిలోకి దిగుతాయి. ఎమ్మిగనూరు దాటాక నల్లరేగడి. వాన పడితే ఎద్దుల బండి ఇరుసు దాకా దిగబడిపోయే నేల అది. దాంట్లో పోగలిగిన బండి ఆ చుట్టుపక్కల ఇదొక్కటే.

నేను రాగానే ఇంజను విప్పాను. వాల్వులు గ్రైండ్ చేశాను, క్లచ్ ప్లేటు మార్చాను, ముందు ఇరుసు చివర్ల నుంచి నూనె కారుతుంటే సీళ్ళు కొత్తవి వేశాను. చివర్న కమాన్లు పట్టుకున్నాను. కమాన్ అంటే ఒకదాని కింద ఒకటి పేర్చి కట్టిన ఉక్కు పట్టీలు. బండి బరువంతా వాటి మీదే నిలబడుతుంది. దారులు అధ్వానంగా ఉన్నాయి కదా అని వెనక ఒక్కో కట్టకి రెండు పట్టీలు ఎక్కువ వేసి బిగించాను. ఇక కొండ మీద నుంచి దొర్లినా ఏమీ కాదని నా ధీమా.

ఏ సామాను కావాలన్నా మద్రాసుకి ట్రంక్ కాల్. గుమాస్తా బల్ల మీద ఆసుపత్రికంతా ఒక్కటే టెలిఫోను ఉండేది. పొద్దున కాల్ బుక్ చేస్తే లైను కలిసేది మధ్యాహ్నానికో సాయంత్రానికో. అందాకా నేను రిసీవరు చేతిలో పెట్టుకుని, ఎక్స్ఛేంజీ వాళ్ళ మీద అరుస్తూ కూర్చునేవాణ్ణి. డ్రైవరు దస్తగిరికి అదొక తమాషా. యుద్ధంలో అస్సాం దాకా లారీ నడిపొచ్చిన మనిషి, యాభై దగ్గర పడ్డాడు.

"ఏం సారూ, ఆ తీగలోనుంచి బోల్టులు గిన కారతాయా? గిన్నె పెట్టమంటావా?" అనేవాడు.

నాకు ఒళ్ళు మండేది.

బండి తయారైన రోజు నర్సు సుగుణమ్మ వెనక ఎక్కి కూర్చుని, కోట కొండ కింద రాళ్ళ దారిలో ఒక చుట్టు తిప్పించింది. దిగి నడుము పట్టుకుంది.

"ఏమప్పా, దీన్ని మెత్తగ చేస్తావనుకుంటే ఇంకా రాయి చేసినావే."

"గట్టిగా ఉండాలి కదమ్మా లారీ" అన్నాను.

"ఎవురి కోసరం గట్టిగ? ఫిరంగి గుండ్లు మోస్తాదా ఇప్పుడు?"

అప్పుడు చెప్పింది మాదేవి సంగతి. ఎమ్మిగనూరుకి ఆరు మైళ్ళ అవతల, తుంగభద్ర వైపు ఒక పల్లె పిల్ల. మొదటి బిడ్డ ఇంట్లోనే పుట్టి దక్కలేదు. రెండో కాన్పుకి నొప్పులు మొదలయ్యాక ఇదే లారీలో తెచ్చారు. దారిలోనే రక్తం పోయింది, ఆ బిడ్డా దక్కలేదు.

"కుదుపులకే పోయినాదో, మనమే ఆలస్యం చేసినామో దేవునికి తెలుసు. ఆ పిల్ల మాత్రం బండే మింగినాదంటాది" అంది సుగుణమ్మ. "ఇప్పుడు మళ్ళా తొమ్మిదో నెల పడినాది. నొప్పులు రాకముందే తెచ్చి పెట్టుకోవాలంటాది డాక్టరమ్మ. దారిలో వంక నిండుగ పారతాంది, ఎద్దుల బండి రాదు. ఈ లారీ అంటే ఆ పిల్ల సచ్చినా ఎక్కనంటాది. నువ్వు దీన్ని మెత్తగ చేసిస్తే నేను పోయి బతిమాలుకుంటా."

ఆ రోజు మద్రాసు లైను కలవగానే మేస్త్రీని అడిగాను. "వేసినవి తీసెయ్యి, ఇంకొకటి కూడా తియ్యి. అంతకన్నా తీస్తే బండి కూలబడుతుంది" అన్నాడు. ఒక్కో కట్టకి మూడు పట్టీలు ఊడదీశాను. రెండు రోజుల పని. దస్తగిరి ఒక చెంబు నిండా నీళ్ళు పోసి, వెనక చెక్కల మీద పెట్టి, మళ్ళీ అదే రాళ్ళ దారిలో తిప్పాడు. తిరిగొచ్చేసరికి చెంబు బోర్లా పడి ఉంది.

"మొదట్లో అయితే చెంబే ఎగిరి కింద పడేది సారూ. కొంచెం నయమే" అన్నాడు. "కాకపోతే ఒక మాట సెప్తా, కోపం చేసుకోవద్దు. ఈ బండి ఖాళీ కడుపుతో ఎగురుతాది. కడుపు నిండితే ఎగరదు."

"ఇది గుర్రం కాదు, లారీ. పని నాకు నేర్పకు" అన్నాను.

ఆయన చెంబు తీసుకుని వెళ్ళిపోయాడు.

శనివారం పొద్దున బయల్దేరాం. ముందు రోజే సుగుణమ్మ ఎమ్మిగనూరు వెళ్ళి, అక్కణ్ణుంచి నడిచి, ఎవరో చెయ్యి పట్టుకుంటే వంక దాటి, ఆ పల్లె చేరింది. మేం వెళ్ళేసరికి మాదేవిని ఒప్పించి ఉంచింది. పల్చటి పిల్ల, ఇరవై ఏళ్ళు ఉంటాయేమో. లారీని చూడకుండా మొహం పక్కకి తిప్పుకుని, మొగుడు ఈరన్న చెయ్యి పట్టుకుని నిలబడి ఉంది. వెనక జొన్న చొప్ప పరిచి, పైన బొంతలు వేశారు.

ఆమె ఎక్కిందో లేదో, రొట్టెల మూటలు పట్టుకుని ఇంకో ఇరవై మంది ఎక్కడం మొదలుపెట్టారు. అత్తలు, వదినలు, మామలు, ఒక ముసలి అవ్వ.

"ఎక్కడికి అందరూ? ఇది ఆసుపత్రి బండి, తిరనాళ్ళ బండి కాదు. దిగండి" అని అరిచాను.

"మా పిల్లను ఒంటిగ ఎట్ల పంపేది నాయనా?" అంది అవ్వ.

"మొగుడున్నాడు, అత్త ఉంది, నర్సమ్మ ఉంది. చాలు. దిగు."

దస్తగిరి స్టీరింగు మీద చెయ్యేసి నా వైపు చూశాడు. అందరూ దిగారు.

అర మైలు పోయామో లేదో వెనక నుంచి చెక్కల మీద దబదబా చప్పుడు. ఎండిన బండిజాడల మీద మళ్ళీ వాన పడి, పైన జారుడు, అడుగున గట్లు. ఒక్కో గట్టుకి లారీ వెనక భాగం పైకి లేచి పడుతోంది. ఆపి వెళ్ళి చూస్తే మాదేవి రెండు చేతులతో కడుపు పట్టుకుని కూర్చుని ఉంది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"దింపండన్నా. నొప్పి లేదు. దింపండి, నడుస్తా" అంటోంది.

దింపాం. చేను గట్టు మీద కూర్చుంది. సుగుణమ్మ పొట్ట మీద చెయ్యి పెట్టి చూసింది. బాగానే ఉందంది. కానీ మాదేవి లేవదు.

"నేను చెప్పేది విను. ఈ కడుపుతో నడిస్తే వంక ఎట్లా దాటుతావు?" నా గొంతు నాకు తెలియకుండానే పెద్దదయింది.

"ఒకరిని మింగినాది సారూ ఆ బండి. నీకేం తెలుసు?" అంది. ఏడవలేదు. మామూలుగా చెప్పింది.

మద్రాసులో నేర్చుకున్నదంతా అయిపోయింది. టెలిఫోనూ లేదు.

అప్పుడు చూశాను వెనక్కి. నేను దింపేసిన ఇరవై మందీ మూటలు నెత్తిన పెట్టుకుని, లారీ జాడ పట్టుకుని నడిచి వస్తున్నారు. ఎవరూ ఇంటికి పోలేదు.

దస్తగిరి క్యాబిన్ దిగాడు. నన్ను అడగలేదు. "రాండప్పా, అందరూ ఎక్కండి. లావుగుండేవాళ్ళు ఎనక చక్రాల మీదికి రావాల" అన్నాడు.

ఒక లావుపాటి మేనత్త నడుం మీద చెయ్యి పెట్టి, "నన్నేనా అనేది?" అంది.

"నిన్నే అమ్మా. ఈ పొద్దు నీ అంత పనికొచ్చే మనిషి లేదు."

నవ్వుకుంటూ ఎక్కారు. ఒక్కొక్కరు ఎక్కుతుంటే నేను కింద వంగి కమాన్ల వైపు చూస్తున్నాను. విల్లులా పైకి వంగి ఉన్న పట్టీలు మెల్లగా అణుగుతున్నాయి. మూడు టన్నులు మోయడానికి చేసిన ఉక్కు అది. ముగ్గురు నలుగురు కూర్చుంటే దానికి మనిషి ఎక్కినట్టే తెలియదు. అణగదు, అందుకే ఎగరేస్తుంది. ఆ మాటే కదా దస్తగిరి చెప్పింది. నేను పట్టీలు తీస్తూ కూర్చున్నాను, ఆయన బరువు పెట్టమన్నాడు.

అవ్వ చివర్న ఎక్కి, నీళ్ళ చెంబు ఒళ్ళో పెట్టుకుని, "రా తల్లీ, అందరం ఉండాము" అని చెయ్యి చాపింది. మాదేవి అందరి మొహాలూ ఒక్కొక్కటే చూసింది. లేచి వచ్చింది.

లారీ కదిలింది. ఈసారి వెనక నేనూ నిలబడ్డాను. అవే గట్లు. బండి ఒక పక్కకి దిగి, లేచి, నిదానంగా ఊగుతోంది తప్ప ఎగరడం లేదు. అందరూ ఒకే వైపు ఊగి, ఒకే వైపు తిరిగి వస్తున్నారు. అవ్వ ఒళ్ళో చెంబు అంచు దాకా తొణికి, మళ్ళీ సర్దుకుంటోంది. వంక దగ్గర మగవాళ్ళు దిగి తోస్తామన్నారు. దస్తగిరి వద్దని ముందు చక్రాల లివర్ లాగాడు. పైనున్న బరువుకి నాలుగు టైర్లూ బురదని గట్టిగా పట్టుకున్నాయి. నీళ్ళు ఇరుసు దాకా వచ్చి, వెనక్కి పోయాయి.

ఎమ్మిగనూరులో ఎవరూ దిగలేదు. ఆదోని దాకా కంకర రోడ్డు. రొట్టె తుంచి నాకూ ఇచ్చారు, పైన ఎర్రకారం. కారం మండి నేను దగ్గుతుంటే మేనత్త, "మద్రాసు సారుకు కోపమే కాదు, కారం గూడ తట్టదు" అంది. అప్పటికి మాదేవి అత్త ఒళ్ళో తల పెట్టుకుని నిద్రపోయింది.

పదిహేడు రోజుల తర్వాత డాక్టరమ్మ ఆపరేషన్ చేసింది. ఆడపిల్ల. సుగుణమ్మ వచ్చి చెప్పినప్పుడు నేను ఫోను పట్టుకుని మేస్త్రీతో మాట్లాడుతున్నాను. ఏమీ చెప్పకుండా పెట్టేశానట. మేస్త్రీ తర్వాత తిట్టాడు.

ఇంకో రెండు వారాలకి వాళ్ళని ఇంటికి పంపే రోజొచ్చింది. బంధువులంతా ఎప్పుడో చేను పనులకి వెళ్ళిపోయారు. ఈరన్న, అత్త, మాదేవి, బట్టలో చుట్టిన బిడ్డ, అంతే. లారీ దగ్గరికి వచ్చి మాదేవి ఆగిపోయింది. చక్రాల వైపు చూసి, నా వైపు చూసింది.

"ఈ పొద్దు బరువుకు ఎవురూ లేరే సారూ" అంది.

ఇసుక బస్తాలు వేద్దామనుకున్నాను. దస్తగిరి ఒప్పుకోలేదు. "మనుషులుండంగ ఇసుకెందుకు? ఇసుక బిడ్డను పట్టుకుంటాదా?" అని ఆసుపత్రి వైపు తిరిగి కేకేశాడు. వంటమనిషి వచ్చింది, ఆయా వచ్చింది, వాచ్‌మన్ వచ్చాడు, చాకలి ఆయన మూటతో సహా వచ్చాడు, రోగుల కోసం వచ్చి ఊరికే కూర్చున్న వాళ్ళు పదిమంది వచ్చారు. సుగుణమ్మ ఎక్కింది. నేను కూడా ఎక్కి, సరిగ్గా వెనక చక్రం మీద కూర్చున్నాను.

ఇప్పటికీ ఏ బండి పనికి వచ్చినా ముందు ఇంజను చూడను. దీంట్లో ఎవరు కూర్చుంటారు, ఎంతమంది కూర్చుంటారు అని అడుగుతాను. ఎంత గట్టిది అన్న మాట తర్వాత. కోపం తగ్గిందా అంటే అంతగా లేదు. ఒక మనిషి చెంబు చేత్తో పట్టుకుని ఏదైనా చెప్తుంటే మాత్రం ఆగి వింటాను.

ఆ రోజు లారీ గేటు దాటుతుండగా గుమాస్తా పరిగెత్తుకుంటూ వచ్చాడు.

"సారూ, మద్రాసు లైను కలిసినాది. మీ మేస్త్రీ పట్టుకోనుండాడు. ఏం సెప్పాల?"

బిడ్డ అప్పుడే నా చేతికి వచ్చింది. కదలడానికి లేదు.

"బండికి బరువుగా కూర్చున్నానని చెప్పు" అన్నాను.