అత్త కూర్చోబెట్టిన దిక్కు

పోయిన నెల ఒక పొద్దున టేకు చెక్క మీద పెన్సిలుతో గీత గీస్తుండగా మా అన్న ఫోను చేశాడు. "అత్త పోయిందిరా. బేగా రా," అన్నాడు, పెట్టేశాడు. మా అన్న ఫోనులో ఎప్పుడూ అంతకు మించి మాట్లాడడు. పెండ్లి కబురైనా చావు కబురైనా ఆయన దగ్గర ఒకటే పొడుగు. నేను ఆ గీత సగంలో వదిలేసి నంద్యాల బస్టాండుకు నడిచాను.

అత్త అంటే మా నాయనకు చెల్లెలు. ఎనభై ఆరేండ్లు బతికింది. ఇది చదివేవాళ్ళలో ఆమెను ఎరిగినవాళ్ళు ఉండరు. ఆళ్లగడ్డలోనే నాలుగు వీధులు దాటితే ఆమె ఎవరో ఎవరికీ తెలియదు. ఆమె ఊరికి చేసిన మేలు అంటూ ఏమీ లేదు. నాకు మాత్రం పగడసాల నేర్పింది.

పగడసాల చూడని ఈ కాలం వాళ్ళకు ముందు రెండు మాటలు చెప్పాలి. నాలుగు చేతులు చాచిన ఆకారంలో గడులు ఉంటాయి. నాలుగు దిక్కులా నలుగురు కూర్చుంటారు. ఎదురెదురు వాళ్ళు జత. మనిషికి నాలుగు కాయలు. రెండు పొడుగాటి ఇత్తడి పాచికలు దొర్లించి, పడిన లెక్క ప్రకారం కాయను నడిపించాలి. కాయ చుట్టంతా తిరిగి వచ్చి తన చేతి నడిమి వరసలో పైకెక్కి నట్టనడుమ ఉన్న ఇల్లు చేరాలి. దారిలో అవతలి జత కాయ మన గడిలోకి వచ్చి పడితే మన కాయ చచ్చి మళ్ళీ మొదటినుంచి బయలుదేరుతుంది. జతలో ఇద్దరివీ ఎనిమిది కాయలూ చేరితేనే గెలుపు. ఒకడు ముందుగా చేరి కాళ్ళు చాపుకుంటే దానికి విలువ లేదు. ఈ చివరి మాట నాకు ఎక్కడానికి చాలా ఏండ్లు పట్టింది.

పాచికలంటే ఇల్లు గుల్ల చేసే ఆట అని మా అమ్మకు భయం. అత్త ఒకటే చెప్పేది: "పందెం పెడితే జూదం వదినా. పెట్టకుంటే ఇది ఉత్త లెక్క." ఆ ఇంట్లో ఏనాడూ చింతగింజ కూడా పందెం పెట్టలేదు.

అత్త ఇంట్లో ఆటకు గుడ్డ పరిచేది లేదు. నడవలో పరిచిన నాపబండ మీదే గడులు చెక్కి ఉండేవి. చెక్కింది మా మామ. ఆయన శిల్పి. ఎన్ని ఊళ్ళ గుళ్ళలో ఆయన చేసిన దేవుళ్ళు ఉన్నారో ఆయనకే లెక్క లేదు. పెండ్లయిన మరుసటేడు అత్త అడిగిందట, "ఊర్లో అందరికీ చేసిస్తాండావు. మనింటికి ఏం చేసినావప్పా?" అని. ఆయన ఉలి తెచ్చి రెండు రోజులు నేల మీద బోర్లా పడుకుని పగడసాల చెక్కాడు. విగ్రహానికి వెంట్రుకవాసి కొలత తప్పని మనిషి, భార్య ఎదురుగా కూర్చుని చూస్తుంటే లెక్క తప్పాడు. మూడు చేతులకు ఎనిమిదేసి వరసలు, దక్షిణం చేతికి తొమ్మిది. రాతిలో చెక్కింది తుడిచేది కాదు. అందుకని ఆ తొమ్మిదో వరస మీద ఎవరూ ఆగకూడదని, లెక్కలో దాన్ని దాటేయాలని ఇంట్లో చట్టం పెట్టారు. కొత్తగా ఆడేవాడు తప్పకుండా దాన్ని లెక్కపెట్టి నవ్వులపాలయ్యేవాడు. నేను ఏడాది పాటు అయ్యాను. నాది దక్షిణమే.

ఆ దక్షిణం మొదట మా నాయనది. ఆయన మోకాళ్ళు వంగడం మానేశాక అత్త నన్ను కూర్చోబెట్టింది. అప్పటికి నాకు ఇరవై ఆరేండ్లు, నంద్యాలలో తలుపులూ కిటికీలూ చేసుకుంటున్నాను. ఉత్తరాన మా అన్న. ఆయన మామ దగ్గర రాతిపని నేర్చుకుని ఆళ్లగడ్డలోనే ఉండిపోయాడు. తూర్పున అత్త, పడమర మామ. మామ పోయాక పడమరకు పక్కింట్లో పరుపులు కుట్టే భాయి వచ్చాడు. ఒకసారి కూర్చున్న దిక్కు మారకూడదు, జత మారకూడదు, ఇది అత్త మొదటి చట్టం. ఆట నడిచేటప్పుడు ఆటమాట తప్ప వేరే మాట రాకూడదనేది రెండోది. మూడోది చట్టం కాదు, అలవాటు: ఆట అయ్యాక టీ ముందు ఓడినవాళ్ళకు ఇచ్చేది. గెలిచినవాడికి గెలుపే వేడిగా ఉంటుందని ఆమె లెక్క.

ఆదివారం పనికి సెలవు పెట్టి బస్సెక్కేవాణ్ణి. శిరివెళ్ల దాటేసరికి చేతివేళ్ళు పాచికల కోసం కదిలేవి. అయినా నాలుగేండ్లు ఓడిపోయాను. నాతో పాటు, పాపం, మా అన్న. నాలుగేండ్లూ ఆయన టీ ముందు తాగాడు, ఒక్క మాట అనలేదు.

నేను అప్పట్లో ఆటంతా పాచికల్లో ఉందనుకునేవాణ్ణి. వాటిని రెండు చేతుల మధ్య రుద్ది, ఊది, చెవి దగ్గర గలగలలాడించి వేసేవాణ్ణి. అత్త చూసి చూసి ఒకరోజు అంది:

"ఏందిరా అబ్బీ, వాటికేమన్నా మంత్రం చెప్తాండావా?"

"మంచిది పడల్ల కదత్తా."

"పాచికలు నీ మాట యాడ వింటాయి? కాయలైతే వింటాయి. వినేవాటితో మాట్లాడు."

ఆట మధ్యలో నేర్పేది కాదు. అంతా అయ్యాక బొరుగుల గిన్నె ముందు పెట్టుకుని, ఆటంతా మొదటినుంచి మళ్ళీ చెప్పేది. ఎవరికి ఏది పడిందో, ఎవరు ఏ కాయ కదిపారో, అన్నీ. బడి మెట్టెక్కని మనిషి. నేనూ ఐదో తరగతితో దిగినవాణ్ణే. దొరికిన పుస్తకమల్లా చదివి తెలివైనవాణ్ణనుకునేవాణ్ణి. ఆమె ముందు నా చదువంతా బొరుగుల్లాగా తేలిపోయేది.

"నీకు ఏడు పడినప్పుడు భాయి కాయను కొట్టినావు. ఎందుకు?"

"అందింది కాబట్టి."

"అందిందల్లా కొడితే నీ వెనక కాయను ఎవరు చూస్తారు? కొట్టే గడి కనపడితే చేయి దురద పెడుతాది. దురద గోక్కో. కాయను కొట్టాకు."

ఇంకొకసారి నేను గబగబా నాలుగు కాయలూ ఇల్లు చేర్చి మీసం దువ్వుకుంటుంటే, అన్న కాయలు మూడు చచ్చి మొదటికొచ్చాయి. ఓడిపోయాం. అత్త బొరుగులు నములుతూ అంది: "నీ ఇంటికి నువ్వు చేరినావులే. వానికి ఎదురుగా ఎవురుండారు?" మా ఆటలో, ఇంటి ముందు దాకా వచ్చిన కాయ లోపలికి తిరగకుండా ఇంకొక చుట్టు పోవచ్చు. జత కాయలు రెండూ ఒకే గడిలో నిలబడితే వాటిని ఎవరూ కొట్టలేరు. వెనకపడిన జతగాడి కోసం గట్టునపడే కాయను మళ్ళీ దారిలో పెట్టడమే ఈ ఆటలో పెద్ద విద్య అని ఆమె నూరుసార్లు చెప్పింది. నేను నూరుసార్లు తలూపాను. ఒక్కసారీ చేయలేదు. చేతిదాకా వచ్చిన ఇల్లు ఎవడు వదులుకుంటాడు?

ఐదో ఏడు నుంచి అప్పుడప్పుడు గెలవసాగాం. తర్వాత సమానంగా ఆడేవాళ్ళం. అట్లా చాలా ఏండ్లు గడిచాక నా పెద్ద కూతురి పెండ్లి వచ్చింది. ఇక్కడ నా తప్పు నేనే చెప్పుకోవాలి. పందిరి పని, పొయ్యిల పని, పైగా ముందే ఒప్పుకున్న తలుపులు. అన్న ఇంటికి పోయి వదినకు బొట్టు పెట్టి పిలవాల్సినవాణ్ణి, పత్రికను ఆళ్లగడ్డ బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపాను. ఆ డ్రైవరు నాకు స్నేహితుడు. పత్రిక జాగ్రత్తగా చేర్చాడు కూడా. అన్న దాన్ని తీసుకుని, "పిలుపు డ్రైవరుకు చెప్పినారు కదా, పెండ్లికి డ్రైవరే పోతాడులే," అన్నాడట. నిజంగానే పెండ్లికి డ్రైవరు వచ్చాడు. రెండుసార్లు పాయసం వేయించుకున్నాడు. అన్న రాలేదు. కన్యాదానం వేళ పెదనాయన నిలబడాల్సిన చోట ఖాళీ ఉంటే, నా కూతురు తల ఎత్తి రెండుసార్లు అటు చూసింది.

ఆ తరువాత రెండేండ్లు మాటల్లేవు. నేను వెళ్ళిన ఆదివారం ఆయన రాడు, ఆయన వచ్చినరోజు నేను పోను. ఆట నిలిచిపోయింది. అత్త ఎవరినీ బతిమాలలేదు, తిట్టలేదు. ఒకరోజు ఇద్దరికీ వేరువేరుగా ఒకటే కబురు పంపింది: ఆదివారం వచ్చి నీ దిక్కున కూర్చో. మేమిద్దరం రెండోవాడు రాడులే అనుకుని వచ్చాం.

నడవలో అడుగుపెట్టి ఒకరినొకరు చూసుకుని నిలబడిపోయాం. అత్త అప్పటికే తూర్పున కూర్చుని కాయలు పేరుస్తోంది.

"నిలబడి ఆడే ఆట కాదప్పా ఇది," అంది భాయితో, మాతో కాకుండా.

కూర్చున్నాం. ఆటమాట తప్ప వేరే మాట లేదనే చట్టం ఆ రోజు నాకు దేవుడిచ్చిన వరంలాగా తోచింది. రెండేండ్ల తర్వాత మా అన్న నాతో అన్న మొదటి మాట "మూడోది." అంటే మూడో కాయ కదుపు అని. నేను కదిపాను. కొంతసేపటికి నేను "ఆగు" అన్నాను. ఆయన ఆగాడు. అంతే మాటలు. కానీ జతగా ఆడేవాళ్ళు ఒకరి కండ్లలోకి ఒకరు చూడకుండా ఎంతసేపు ఆడతారు?

చివరికొచ్చేసరికి నావి మూడు చేరాయి, నాలుగోది ఇంటి వాకిట్లో ఉంది. అన్నవి కూడా మూడు చేరాయి. నాలుగోది మాత్రం దక్షిణం చేతికి అవతలి పక్కన ఒంటరిగా చిక్కింది. దాని వెనకే అత్త కాయ, భాయి కాయ. ఏది తగిలినా ఆయన మళ్ళీ మొదటికి. నేను పాచికలు వేశాను. ఆరూ నాలుగూ, పది పడింది. లోపలికి తిప్పితే సరిగ్గా నా కాయ ఇల్లు చేరుతుంది. తిప్పకుండా ముందుకు పోతే సరిగ్గా అన్న కాయ ఉన్న గడి.

నేను కాయను ఎత్తి తొమ్మిదో వరస దాటించి, లెక్కపెట్టుకుంటూ పోయి అన్న కాయ పక్కన పెట్టాను.

అన్న దాన్నే చూస్తూ, "నాకోసరం అంత చుట్టు తిరగాల్సిన పన్లేదు," అన్నాడు.

"ఆటమాట తప్ప వద్దని చెప్పినానే," అంది అత్త.

"ఇదీ ఆటమాటే," అన్నాడు.

భాయి గడ్డం గోక్కున్నాడు. "అక్కా, ఇప్పుడు వీళ్ళను నేనేం చేసేది?"

"చేసేదేముంది. దాటుకోని పో."

నాకు ఆ చుట్టు తిరిగి రావడానికి గంట పైన పట్టింది. రెండుసార్లు చావు తప్పింది. అన్న తన కాయను ఇంటి వాకిట నిలిపి నాకోసం కాచుకున్నాడు. చివరికి గెలిచాం. అత్త మెచ్చుకోలేదు. "ఈరోజు టీ ముందు నాకే," అని గ్లాసు తీసుకుంది. మూడు గుక్కలు అయ్యాక అన్న గొంతు సవరించుకున్నాడు.

"చిన్నమ్మి పెండ్లికన్నా నువ్వే వస్తావా, మళ్ళా డ్రైవరునే పంపుతావా?"

భాయి టీ చొక్కా మీద పోసుకున్నాడు.

చిన్న కూతురి పెండ్లికి నేనూ నా భార్యా వాళ్ళింటికి పోయి వదినకు బొట్టు పెట్టి పిలిచాం. అన్న చేతిలో ఉన్న పని ముగించేదాకా మమ్మల్ని గంటసేపు కూర్చోబెట్టాడు. ఆ గంట నాకు రావాల్సిందే. పెండ్లిలో ఆయన పందిరి గుంజలాగా ఒక్కచోట నిలబడి కదలలేదు.

తర్వాత ఒకసారి అత్తను అడిగాను, మమ్మల్ని కలపాలనే ఆ రోజు పిలిచావు కదా అని. "నాకేం పని," అంది. "నలుగురు లేకుంటే ఆట ల్యాదు. ఆడబుద్ధయింది, పిలిచినా." ఆమె అబద్ధం చెప్పే మనిషి కాదు కాబట్టి ఇప్పటికీ నాకు తెలియదు.

అత్త పోయిన కబురు విని ఎక్కిన బస్సులో నాకు ఏడుపు కంటే ముందు భయం వచ్చింది. నేనూ అన్నా మాట్లాడుకునేదంతా ఆ నడవలోనే. ఆట లేని చోట మా ఇద్దరికీ రెండు మాటలు దాటి సాగవు. పిలిచి కూర్చోబెట్టే మనిషి పోయాక, నేను ఇక ఏ పేరు చెప్పి ఆళ్లగడ్డ బస్సెక్కాలి?

అత్తను సాగనంపి, స్నానాలు చేసి వచ్చేసరికి ఆడవాళ్ళు ఇల్లంతా నీళ్ళు పోసి కడిగారు. బండ ఆరుతోంది కానీ మామ చెక్కిన గీతల్లో నీళ్ళు నిలిచే ఉన్నాయి. అన్న గోడవార కూర్చున్నాడు. నేనూ కూర్చున్నాను. భాయి వచ్చి ఇంకొక పక్క కూర్చున్నాడు. చాలాసేపటికి చూసుకుంటే ఎవరి దిక్కున వాళ్ళమే ఉన్నాం.

"నా జత పోయింది కదప్పా," అన్నాడు భాయి.

అన్న నా వైపు చూడకుండానే అడిగాడు. "ఆదివారం వస్తాండావా?"

"నలుగురం లేము కదన్నా."

"అది మళ్ళా చూస్తాం. నువ్వు రా."

"వస్తా," అన్నాను.

వాకిలి తూర్పుకు ఉంది. లోపలికి వచ్చే గాలికి ముందుగా అత్త కూర్చునే వైపు గీతలు ఆరాయి. తక్కిన మూడు చేతుల్లో నీళ్ళు ఇంకా మెరుస్తున్నాయి. ముగ్గురం వాటినే చూస్తూ కూర్చున్నాం.